చెత్తలో నత్త

నా రూమ్మేట్‌ది పోర్ట్ బ్లెయిర్. వాళ్ల తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి అండమాన్ వెళ్లి అక్కడే ఉండిపోయారు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. మన క్లబ్ మీటింగులకి నాకంటే వాడే రెగ్యులర్. పోయిన సెమిస్టర్‌లో ఒక రాత్రి కరెంటు పోయింది, ల్యాప్‌టాప్‌లలో ఛార్జింగ్ కూడా అయిపోయింది, ఇద్దరం కారిడార్‌లో కూర్చున్నాం. అప్పుడు చెప్పాడు:

"మా ఊరవతల ఒక దిబ్బ ఉంటుంది రా. చూస్తే మామూలు మట్టిదిబ్బే. చెప్పుతో గీకితే మాత్రం అంతా గుల్లలే. ఎప్పటివాళ్లో తిని పారేసినవట."

"అంటే చెత్తకుప్పేగా?" అన్నా.

"చెత్తకుప్పే, కానీ వేల ఏళ్లది. నాకు చిన్నప్పటి నుంచీ ఒక డౌటు. అందులో బియ్యపు గింజంత నత్తలు కూడా ఉంటాయి. వాటిని ఎవడు తింటాడు రా?"

నా దగ్గర జవాబు లేదు. కరెంటు వచ్చాక వెతకడం మొదలుపెట్టా, రెండు వారాలు పట్టింది. ముందే చెప్పేస్తున్నా: ఆ బియ్యపు గింజంత నత్తని బహుశా ఎవరూ తినలేదు. అది అంత పనికొచ్చే సాక్షి అయింది కూడా అందుకే. ఎలాగో చూద్దాం.

గుల్లల దిబ్బ అంటే ఏంటి?

నాది చిన్నప్పటి నుంచీ ఇంగ్లిష్ మీడియం. అందుకని మొదటి కష్టం మాటతోనే వచ్చింది. ఇలాంటి దిబ్బని ఇంగ్లిష్‌లో 'షెల్ మిడెన్' అంటారు. డేనిష్ భాషలో దీనికి ఉన్న పాత మాటకి అర్థం 'వంటింటి చెత్తకుప్ప'. తెలుగులో 'పెంటదిబ్బ' అంటే పేడ గుర్తొస్తుంది. నా రూమ్మేట్ వాళ్లింట్లో అనే 'గుల్లల దిబ్బ' నాకు నచ్చింది, దాన్నే వాడతాను. సముద్రం దగ్గర బతికినవాళ్లు ఆల్చిప్పలు, శంఖాలు, నత్తలు ఏరుకొచ్చి, కాల్చుకునో ఉడకబెట్టుకునో తిని, గుల్లల్ని ఒకేచోట పారేస్తూ పోతే వందల ఏళ్లకి తయారయ్యే కుప్ప అది.

ఇది మనుషులు చేసిన కుప్పా, లేక సముద్రం తోసిన గుల్లల గట్టా అన్నది ఒకప్పుడు నిజంగానే పెద్ద చర్చ. 1848లో డెన్మార్క్ దీన్ని తేల్చడానికి ముగ్గుర్ని నియమించింది: జంతుశాస్త్రవేత్త స్టీన్‌స్ట్రుప్, భూగర్భ శాస్త్రవేత్త ఫోర్క్‌హామర్, పురావస్తు పరిశోధకుడు వోర్సే. వాళ్లు గమనించిన విషయాలు చాలా సింపుల్. సముద్రం తోసిన గట్టయితే పిల్ల గుల్లలు, పెద్ద గుల్లలు అన్నీ కలిసి ఉండాలి. ఇక్కడ దాదాపు అన్నీ బాగా ఎదిగినవే. పైగా ఒకేచోట బతకని రకాలు ఒకే కుప్పలో ఉన్నాయి. మధ్యలో బొగ్గు, రాతి పనిముట్లు. సముద్రం సైజు చూసి ఏరదు కదా, ఏరేది మనిషే.

మన దేశానికొస్తే, ఫెర్డినాండ్ స్టోలిచ్కా అనే భూగర్భ శాస్త్రవేత్త 1870లోనే అండమాన్ దిబ్బల మీద ఒక వ్యాసం రాశాడు. తర్వాత జరీన్ కూపర్ అక్కడి దిబ్బల మీద ఏళ్ల తరబడి పనిచేసి, 2002లో పుస్తకం తెచ్చారు. పోర్ట్ బ్లెయిర్ దగ్గరి చౌల్దారి దిబ్బకి సుమారు 2,200 ఏళ్ల నాటి తేదీ వచ్చింది. అంటే నా రూమ్మేట్ చెప్పుతో గీకినది మామూలు చెత్త కాదన్నమాట.

ఇది ఒక లాగ్ ఫైల్

మన సీఎస్ వాళ్లకి దిబ్బని అర్థం చేసుకోవడం తేలికే. రోజూ చివర్లో ఒక లైను చేరుతూ పోయే లాగ్ ఫైల్ అనుకోండి. పాతది అడుగున, కొత్తది పైన. ఎవరూ కావాలని ఎడిట్ చేయలేదు, ఎందుకంటే చెత్తకుప్పలో అబద్ధం రాయాలని ఎవరికీ తోచదు. రాజులు శాసనాల్లో తాము గెలిచిన యుద్ధాలు చెక్కిస్తారు. చెత్తకుప్పలో మాత్రం నిన్న రాత్రి ఏం తిన్నారో అదే ఉంటుంది.

కానీ ఈ లాగ్‌లో బగ్స్ ఉన్నాయి.

మొదటిది టైమ్‌స్టాంప్. గుల్లల్లో కార్బన్ ఉంటుంది కాబట్టి రేడియోకార్బన్ పద్ధతిలో వయసు కట్టొచ్చు. అయితే సముద్రపు నీళ్లలో పాత కార్బన్ కలిసి ఉంటుంది. అందువల్ల సముద్రపు గుల్ల తన అసలు వయసు కంటే సగటున ఓ 400 ఏళ్లు పెద్దదిగా కనిపిస్తుంది. నేలనత్తలతో ఇంకో గొడవ. సున్నపురాయి ఉన్నచోట అవి గుల్ల కట్టుకోవడానికి ఆ రాతి కార్బన్‌ని కూడా వాడుకుంటాయి, దాంతో వాటి వయసు కూడా పెరిగిపోతుంది. ఈ తేడాలు సరిచేశాకే తేదీ నమ్మాలి.

రెండోది లెక్క. వెయ్యి ముక్కలు దొరికితే వెయ్యి జీవులు అనుకోకూడదు, ఒకటే గుల్ల పది ముక్కలు అవ్వచ్చు. అందుకని ఒక జీవికి ఒక్కటే ఉండే భాగాన్ని లెక్కపెడతారు. నత్తకైతే మెలిక మొదలయ్యే కొన. ఆల్చిప్పకైతే రెండు చిప్పలు కలిసే కీలు. ఎడమవి 40, కుడివి 55 దొరికాయంటే కనీసం 55 ఆల్చిప్పలు ఉన్నట్టు. మనం డేటాలో డూప్లికేట్లు తీసేస్తాం కదా, అదే పని.

మూడోది అన్నిటికంటే పెద్దది. దిబ్బలో మిగిలేది గట్టిగా ఉన్నవే. గుల్ల వేల ఏళ్లు ఉంటుంది. ఎముకలు కొన్ని ఉంటాయి. చేమదుంప, పెండలం, అరటిపండు తింటే ఏం మిగులుతుంది? దాదాపు ఏమీ మిగలదు. కాబట్టి దిబ్బని చూసి "వీళ్లు గుల్లలు తినే బతికారు" అనేస్తే, ప్లేట్లో మిగిలిన కరివేపాకు చూసి "వీడు కరివేపాకు తిని బతికాడు" అన్నట్టే ఉంటుంది.

ఈ మూడో బగ్ గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

దిబ్బలో ఉన్నదంతా తిన్నదేనా?

కాదు. ఒక గుల్ల దిబ్బలోకి చేరడానికి చాలా దార్లున్నాయి.

గుల్ల లోపలి వైపు సముద్రపు పురుగుల గూళ్లు అంటుకుని ఉంటే, అలలకి అరిగి నున్నగా అయిపోయి ఉంటే, దాన్ని తీసుకొచ్చేటప్పటికే లోపల జీవి లేదన్నమాట. అది తిండికి తెచ్చింది కాదు. పూసలకో, పనిముట్టుకో, ఊరికే బాగుందనో తెచ్చి ఉంటారు.

దీవుల్లో ఇంకో దొంగ ఉంటుంది, సన్యాసి పీత. దానికి సొంత గుల్ల ఉండదు, ఖాళీ గుల్లలో దూరి తిరుగుతుంది. నేల మీద తిరిగే సన్యాసి పీతలు ఒడ్డు నుంచి గుల్లల్ని లోపలికి మోసుకొస్తాయి. దిబ్బలో మంచి గుల్ల కనిపిస్తే తమ పాతది అక్కడ వదిలేసి దాన్ని తొడుక్కుని పోతాయి కూడా. అంటే లాగ్‌లో ఒక ఎంట్రీ తీసి ఇంకోటి పెట్టేసి వెళ్తాయి.

మరి నేలనత్తలు? కొన్నిటిని మనుషులు బాగానే తిన్నారు, ఇప్పటికీ తింటున్నారు. పసిఫిక్‌లో న్యూ కాలెడోనియా దగ్గరున్న ఐల్ ఆఫ్ పైన్స్ అనే దీవిలో ప్లాకోస్టైలస్ అనే పెద్ద నేలనత్త ఉంటుంది. ఒక్కొక్కటి అరచేతిలో పట్టేంత. అక్కడ అది ఇవాళ్టికీ వంటకమే. అలాంటి నత్త దిబ్బలో దొరికితే పరిశోధకులు కొన్ని ప్రశ్నలు వేసుకుంటారు. అన్నీ ఎదిగినవేనా, పిల్లలు కూడా ఉన్నాయా? కాలిన గుర్తులున్నాయా? పొయ్యి పక్కన గుట్టగా ఉన్నాయా, అంతటా చెదిరి ఉన్నాయా? ఎదిగినవే ఎక్కువగా, పొయ్యి పక్కన, ఒకే రకంగా పగిలి ఉంటే అది భోజనం. పిల్లా పెద్దా కలిసి, పగలకుండా, అంతటా చల్లినట్టుంటే అవి వాటంతట అవే వచ్చి బతికి చనిపోయినవి. డెన్మార్క్‌లో ఆ ముగ్గురు అడిగిన ప్రశ్నే ఇది, కాస్త మార్చి అడుగుతున్నాం.

బియ్యపు గింజంత నత్తలు దాదాపు ఎప్పుడూ ఈ రెండో రకమే. చెత్త ఉంటే తేమ ఉంటుంది, కుళ్లిన ఆకు ఉంటుంది, గుల్లల్లో కావలసినంత సున్నం ఉంటుంది. నత్తకి అంతకంటే మంచి చోటు ఏముంది? అందుకే చాలాకాలం తవ్వినవాళ్లు వీటిని పట్టించుకోలేదు. తిండి కాదు, పనిముట్టు కాదు, నగ కాదు. మన భాషలో చెప్పాలంటే నాయిస్.

టికోపియా కథ

ఈ నాయిస్ ఎందుకు ముఖ్యమో నాకు అర్థమైంది అండమాన్ దగ్గర కాదు, పసిఫిక్‌లోని టికోపియా అనే చిన్న దీవి గురించి చదివాక. సాలమన్ దీవుల దేశానికి తూర్పు చివర ఉంటుంది. విస్తీర్ణం సుమారు 5 చదరపు కిలోమీటర్లు. రేమండ్ ఫర్త్ అనే మానవ శాస్త్రవేత్త 1928-29లో అక్కడ ఉండి, 1936లో 'వీ, ది టికోపియా' అనే పుస్తకం రాశాక ఆ పేరు ప్రపంచానికి తెలిసింది. తర్వాత 1970ల చివర్లో పాట్రిక్ కిర్చ్, డగ్లస్ యెన్ అక్కడ తవ్వకాలు చేసి, 1982లో ఆ దీవి చరిత్రని పుస్తకంగా తెచ్చారు.

మనుషులు అక్కడికి చేరింది సుమారు క్రీ.పూ. 900లో. అడుగు పొరల్లో ఏముందో చూడండి: సముద్ర పక్షుల ఎముకలు, తాబేళ్లు, చేపలు, బోలెడన్ని గుల్లలు. గుల్లల్లో తలపాగా చుట్టినట్టుండే టర్బో నత్తలు ఉన్నాయి, ట్రైడాక్నా అనే రాక్షస ఆల్చిప్పలు ఉన్నాయి, బాగా పెద్ద సైజువి. అప్పటిదాకా ఎవరూ ముట్టుకోని దీవి కదా, వంగితే చాలు తిండి దొరికినట్టుంది.

పైకి వస్తున్నకొద్దీ లాగ్ మారిపోతుంది. మొదటి వెయ్యేళ్లలో గుల్లలు పదో వంతుకి పడిపోయాయి. టర్బో, ట్రైడాక్నాల్లో అన్నిటికంటే పెద్ద సైజువి కనిపించడం మానేశాయి. పెద్దవాటిని ముందు ఏరేస్తే జరిగేది అదే, తర్వాతి తరానికి మిగిలేది చిన్నవే. కొన్ని పక్షులు దీవి నుంచే మాయమయ్యాయి.

సరే, గుల్లలు తగ్గాయి. మరి మనుషులు ఏం తిని బతికారు? జనం వెళ్లిపోలేదు, దీవి ఖాళీ కాలేదు. ఫర్త్ వెళ్లేసరికి అంత చిన్నచోట వెయ్యిమందికి పైగా ఉన్నారు. ఇక్కడే మన మూడో బగ్ అడ్డొస్తుంది. వాళ్లు తిన్నవి చేమదుంప, పెండలం, సీమపనస. అవి దిబ్బలో మిగలవు.

ఇక్కడికొస్తుంది మన బియ్యపు గింజ.

దుంపతో పాటు వచ్చినవాడు

పసిఫిక్ దీవులకి మనుషులు ఖాళీ చేతులతో వెళ్లలేదు. పడవల్లో చేమ పిలకలు, అరటి పిలకలు, సీమపనస మొక్కలు పెట్టుకుని వెళ్లారు. వేళ్లకి తడిమట్టి, ఆ మట్టిలో చిన్నచిన్న నత్తలు. వాటిలో అలోపియస్ గ్రాసిలె అని ఒకటుంది. సన్నగా, పొడుగ్గా, సూదిమొనలా ఉంటుంది. పూర్తిగా ఎదిగినా సుమారు ఒక సెంటీమీటరే, పిల్లలైతే సరిగ్గా బియ్యపు గింజలే. ఎవరూ దాన్ని కావాలని తీసుకెళ్లలేదు, తీసుకెళ్తున్నట్టు కూడా ఎవరికీ తెలియదు. టికెట్ లేని ప్రయాణికుడు.

కిర్చ్, నత్తల నిపుణుడు కార్ల్ క్రిస్టెన్సెన్ కలిసి టికోపియా దిబ్బల్లో దొరికిన నేలనత్తల మీద 1981లో ఒక పేపర్ రాశారు. తర్వాత హవాయిలోని ఒవాహు దీవి మీద కూడా ఇలాంటి పనే చేశారు. సముద్రం దాటి వేల కిలోమీటర్లు ఈదడం ఈ నత్తకి చేతకాదు. కాబట్టి ఒక పొరలో ఇది కనిపించిందంటే, ఆ పొర నాటికి అక్కడికి మొక్కలతో పడవ వచ్చిందని అర్థం. హవాయికి కెప్టెన్ కుక్ వెళ్లింది 1778లో. ఈ నత్త అంతకంటే చాలా ముందు పొరల్లోనే ఉంది. అంటే దాన్ని తెచ్చింది యూరప్ ఓడలు కాదు, పాలినేషియా పడవలు.

కథ ఇంకా ఉంది. తోట నత్త పొరల్లోకి వచ్చి పెరుగుతుంటే, ఇంకోపక్క అడవి నత్తలు తగ్గుతూ పోతాయి. ప్రతి నత్తకీ ఒక చోటు కావాలి. కొన్నిటికి చెట్టు నీడ, కుళ్లిన ఆకుల తేమ లేకపోతే బతుకు లేదు. కొన్ని గడ్డిలో, తోటలో, ఇంటి పెరట్లో హాయిగా ఉంటాయి. మొదటి రకం పోయి రెండో రకం వచ్చిందంటే, అక్కడ అడవి పోయి తోట వచ్చింది. నత్త నెమ్మది మనిషి, ఎక్కడ పుట్టిందో ఆ చుట్టుపక్కలే చస్తుంది. అందుకే తన చుట్టూ పది అడుగుల నేల ఎలా ఉండేదో అంత కచ్చితంగా చెప్పగలదు.

ఇప్పుడు రెండూ కలిపి చూడండి. పెద్ద గుల్లలు మనుషులు ఏం తిన్నారో చెప్పాయి. ఎవరూ తినని నత్త, మనుషులు తిని కూడా ఏమీ మిగల్చని చేమదుంప తరఫున సాక్ష్యం చెప్పింది. తిన్న దుంప జాడ లేదు. దాని వేరుకి అంటుకొచ్చిన నత్త మాత్రం ఉంది.

టికోపియా వాళ్లు తర్వాత ఏం చేశారో కూడా చెప్పాలి. మొదటి పొరల్లో అడవి తగలబెట్టిన బొగ్గు బాగా ఉంటుంది. తర్వాత అది ఆగిపోతుంది. బాదంలాంటి గింజలిచ్చే చెట్ల ఆనవాళ్లు వస్తాయి. అంటే నరికి తగలబెట్టే సాగు మానేసి, దీవినంతా తోపులా పెంచుకున్నారు. చివరి దశలో ఒక సముద్రపు పాయ మూసుకుపోయి సరస్సయింది, అందులోని గుల్లలు కూడా పోయాయి. అయినా జనం నిలబడ్డారు. గుల్లలు మాత్రమే చూసుంటే ఇది నాశనం కథలా ఉండేది. చిన్నవి కూడా చూస్తే అది తప్పు చేసి, నేర్చుకుని, మారినవాళ్ల కథ.

జల్లెడ కన్నం సైజు

ఇంత చెప్పే నత్త చాలా తవ్వకాల్లో దొరకనే లేదు. కారణం వింటే నవ్వొస్తుంది. జల్లెడ.

తవ్విన మట్టిని జల్లెడ పడతారు. మామూలుగా వాడే జల్లెడలో కన్నం పావు అంగుళం, అంటే సుమారు 6 మిల్లీమీటర్లు. ఇంకాస్త జాగ్రత్తపరులు దాంట్లో సగం, సుమారు 3 మిల్లీమీటర్లది వాడతారు. బియ్యపు గింజంత నత్త మొదటి జల్లెడలోంచి హాయిగా జారి మట్టితో పోతుంది. అప్పుడు రిపోర్టులో "నేలనత్తలు లేవు" అని వస్తుంది. నత్తలు లేకపోవడం వేరు, మన జల్లెడకి చిక్కకపోవడం వేరు. అందుకే ఇప్పుడు ప్రతి పొర నుంచీ కొంత మట్టిని విడిగా తీసి, నీళ్లలో కడిగి, చాలా సన్నని జల్లెడ పడతారు.

ఒక జాగ్రత్త ఏంటంటే, ఈ చిన్న నత్తలు మట్టిలోకి దూరుతాయి కూడా. నిన్నగాక మొన్న చచ్చిన నత్త పాత పొరలో కనిపించే ప్రమాదం ఉంది. గుల్ల ఇంకా నిగనిగలాడుతూ, అద్దంలా ఉంటే అనుమానించాలి. పాతది తెల్లగా, సుద్దలా అయిపోతుంది.

ఇది చదివినప్పుడు నాకు నా మినీ ప్రాజెక్టు గుర్తొచ్చి సిగ్గేసింది. మా టీమ్ హాస్టల్ మెస్‌లో రోజుకి ఎంత అన్నం వృథా అవుతోందో డేటా తీసుకుని ఒక మోడల్ చేసింది. మరీ చిన్న అంకెలు ఉన్న రోజుల్ని నాయిస్ అని నేనే తీసేశా. గ్రాఫ్ నున్నగా వచ్చింది. రివ్యూలో సార్ ఒక్కటే అడిగారు: "వృథా తక్కువైన రోజులే కదా బాబూ మనకి కావలసింది? వాటినే పారేశావేంటి?" వెనక్కి వెళ్లి చూస్తే వాటిలో చాలా వరకు పులిహోర పెట్టిన రోజులు. నా జల్లెడ కన్నం పెద్దదైపోయింది.

ఇప్పటికీ ప్రయాణిస్తూనే ఉన్నాయి

నత్తలు మనతో తిరగడం పాతకాలంతో ఆగలేదు. 1847లో విలియం బెన్సన్ అనే గుల్లల ప్రేమికుడు మారిషస్ నుంచి ఆఫ్రికా రాక్షస నత్తల్ని కలకత్తా తెచ్చి ఒక తోటలో వదిలాడు. అది ఇవాళ దేశంలో చాలాచోట్ల పంటల్ని తినేస్తోంది. అదే నత్త హవాయి చేరితే, దాన్ని చంపడానికని 1955లో నత్తల్ని తినే ఇంకో నత్తని తెచ్చారు. అది రాక్షస నత్తని వదిలేసి అక్కడి సొంత నత్తల మీద పడింది. హవాయిలో ఒకప్పుడు 750కి పైగా నేలనత్త జాతులుండేవి, ఎక్కువ భాగం పోయాయి. వాటిలో ఒక జాతికి మిగిలిన చివరి నత్తకి జార్జ్ అని పేరు పెట్టి ల్యాబ్‌లో పెంచారు. 2019 జనవరి 1న అది చనిపోయింది.

ఇలా పోయిన కొన్ని జాతులకి మిగిలిన జాడ దిబ్బల్లోని, పాత మట్టి పొరల్లోని గుల్లలే. ఆ దిబ్బలు కూడా నిలవట్లేదు. రోడ్లకి, పునాదులకి తవ్వేస్తారు. సున్నం కోసం కాల్చేస్తారు. గుల్ల సున్నం మన కోస్తా వాళ్లకి కొత్తేం కాదు, పాత ఇళ్ల గోడల్లో అదే ఉంటుంది. ప్రపంచంలో చాలాచోట్ల దిబ్బలు అలా బట్టీల్లోకి వెళ్లిపోయాయి. మనం బ్యాకప్ తీసుకోకుండా లాగ్ ఫైల్ డిలీట్ చేసినట్టు.

ఇదంతా మా రూమ్మేట్‌కి చెప్పా. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్తున్నా కదా, దిబ్బ దగ్గరికి వెళ్లి ఫోటోలు తీసుకొస్తా" అన్నాడు.

"తియ్యి. కానీ ఏదీ కదపకు" అన్నా. పొర తప్పిన గుల్ల తేదీ లేని లైను లాంటిది, దేనికీ పనికిరాదు.

"సర్లే" అన్నాడు. "ఈసారి చెప్పు బయటే విప్పి వెళ్తా."